ఎల్కు వేట – రైఫిలు తుపాకి

1806వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన ఉత్తర అమెరికాలో మిస్సోరీ నది ఒడ్డున ఒక విచిత్రమైన ప్రమాదము జరిగినది. థామస్ జెఫర్సన్ అధ్యక్షుని ఆజ్ఞపై పసిఫిక్ మహాసముద్రము వరకు పోయి తిరిగి వచ్చుచున్న అన్వేషకుల బృందము ఆనాడు ఆహారమునకై అచ్చట ఆగినది. బృంద నాయకులలో ఒకడైన మెరివెదర్ లూయిస్, పియేర్ క్రుజాట్ అను పడవవానిని వెంటబెట్టుకొని, ఎల్కులను వేటాడుటకు ఒడ్డుననున్న దట్టమైన విల్లో పొదలలోనికి ప్రవేశించెను. క్రుజాట్ పడవ నడుపుటలో దిట్ట. రాత్రివేళల ఫిడేలు వాయించి తోటివారి అలసట తీర్చువాడు. కాని అతనికి ఒక కన్ను లేదు. ఉన్న కంటికి చూపు మందము.

లూయిస్ ఒక ఎల్కును పడగొట్టెను. క్రుజాట్ మరియొక దానిని గాయపరచెను. ఇద్దరును తుపాకులలో మందు కూరుకొని చెరియొక దారిని పోయిరి. లూయిస్ ఇంకొక ఎల్కునకు గురిచూచుచుండగా ఒక గుండు వచ్చి అతని పిరుదులో దూసికొని పోయినది. అతడు ధరించినవి గోధుమవన్నె తోలుబట్టలు. ఎల్కు చర్మమును ఇంచుమించు అదే వన్నె. “క్రుజాట్!” అని ఎన్ని మారులు కేకవేసినను జవాబు లేదు. ఆదివాసులు కాల్చిరేమోయని తలచి, లూయిస్ కుంటుచు పడవ చేరి తనవారిని సాయుధులను గావించెను. వెదకగా ఆదివాసి ఒక్కడును కనబడలేదు. తాను కాల్చలేదని క్రుజాట్ చెప్పెను. అయితే గాయము చేసిన గుండు లూయిస్ లాగులోనే చిక్కుకొని యుండెను. అది బృందమువారు వాడుచున్న పొట్టి రైఫిలు గుండు. ఆ తుపాకి క్రుజాట్ చేతిలో ఉన్నది! తరువాత చాలదినములు నాయకుడు పడవలో బోర్లపడుకొని ప్రయాణము చేయవలసి వచ్చినది.

ఈ కథలో నవ్వుకొనదగినది కొంత ఉన్నను, మన ప్రస్తుత విషయమునకు కావలసిన మూడు వస్తువులును దీనిలో కలవు: ఎల్కు, రైఫిలు, సీసపు గుండు. తరువాతి రెండువందల ఏండ్ల చరిత్ర ఈ మూడింటి చుట్టును తిరిగినది.

ముందుగా పేరు సంగతి చెప్పవలెను. ఐరోపాలో ‘ఎల్క్’ అనగా వెడల్పైన అరచేతివంటి కొమ్ములు గల వేరొక మృగము; అమెరికాలో దానిని ‘మూస్’ అందురు. మొదట అమెరికా చేరిన ఇంగ్లీషువారిలో పెక్కుమంది స్వదేశమున ఎల్కును చూచి ఎరుగరు. క్రొత్త ఖండములో పెద్ద దుప్పి కనబడగానే దానికి ఆ పేరు పెట్టివేసిరి. షానీ అను ఆదివాసులు దీనిని ‘వాపిటి’ అనిరి. తెల్లని పిరుదు గలదని అర్థము. ఈ పేరే సరియైనది, కాని వాడుకలో నిలిచినది తప్పు పేరే. ఇదే పొరపాటు మన ప్రక్కనే సింహళములోను జరిగినది. 19వ శతాబ్దిలో అచ్చట వేటాడిన శామ్యూల్ బేకరు మొదలగు ఆంగ్లేయులు సాంబరును ‘ఎల్క్’ అని వ్రాసిరి. ఆ సాంబరు మన అడవులలోని కణుజే. కావున పాత వేట పుస్తకములలో ఈ మాట కనబడినపుడు ఏ దేశపు పుస్తకమో చూచుకొనుట మంచిది.

మన వ్యాసమునకు విషయమైన వాపిటిని అమెరికనుల వాడుక ననుసరించి ఎల్కు అనియే పిలుతము. దీని శాస్త్రీయ నామము సెర్వస్ కెనడెన్సిస్. మగది 300 కిలోగ్రాములు, అంతకు పైనను తూగును. ఏటేట రాలిపోయి మరల మొలచు కొమ్ములు శాఖోపశాఖలై మీటరుకు మించి పెరుగును. సెప్టెంబరు మాసము జతకట్టు కాలము. అపుడు మగవి ఉదయ సాయంకాలములందు బూరా ఊదినట్లు కూయును. ఆ కూతను ఈలతో అనుకరించి మృగమును దగ్గరకు రప్పించుట వేటగాండ్ర పాత ఉపాయము.

తెల్లవారు రాకముందు ఉత్తర అమెరికాలో ఒక కోటి ఎల్కు లుండెనని ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ థామ్సన్ సీటన్ అంచనా కట్టెను. ఇది లెక్కించిన సంఖ్య కాదు, ఊహ. అయినను తూర్పుననున్న పెన్సిల్వేనియా నుండి పసిఫిక్ తీరము వరకు ఈ మృగము వ్యాపించి యుండెననుట నిజము. ఆదివాసులు విల్లమ్ములతోను, ఉచ్చులతోను, తరిమి పట్టుటవలనను దీనిని వేటాడిరి. ఎల్కు కొమ్ముతోనే విండ్లు చేసిన తెగలును కలవు. లూయిస్ బృందము 1805–06 శీతకాలమును పసిఫిక్ తీరమున క్లాట్సప్ కోటలో గడపినపుడు వారి ప్రాణములను నిలిపినది ఈ మృగమే. డిసెంబరు నుండి మార్చి వరకు వారు 131 ఎల్కులను చంపినట్లు బృందములోని పాట్రిక్ గాస్ తన దినచర్యలో లెక్క వ్రాసికొనెను. మాంసము తినిరి, కొవ్వుతో క్రొవ్వొత్తులు పోసిరి, తోలుతో తిరుగు ప్రయాణమునకు మూడువందలకు పైగా చెప్పుల జతలు కుట్టుకొనిరి.

ఇక రైఫిలు. ఈ తుపాకి గొట్టము లోపలి గోడలో మెలిదిరిగిన గాడులుండును. గుండు ఆ గాడులను పట్టుకొని, బొంగరమువలె తిరుగుచు వెలికి వచ్చును. ఈ ఉపాయము 1500 ప్రాంతమున జర్మన్ దేశములందు పుట్టినది. గాడులు గల తుపాకి గురి తప్పదని పనివారికి తెలియును. ఎందుకు తప్పదో తెలియదు. కారణమును శాస్త్రీయముగా వివరించినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లేయ గణిత శాస్త్రజ్ఞుడు. ఈతని కథ మనకు కొంత దగ్గరిది గనుక రెండు మాటలు చెప్పెదను.

రాబిన్స్ 1742లో తుపాకి శాస్త్రముపై ఒక గ్రంథమును ప్రకటించెను. మహాగణితవేత్త ఆయిలర్ దానిని జర్మన్ భాషలోనికి అనువదించెను. వ్రేలాడగట్టిన బరువైన దిమ్మెలోనికి గుండును కాల్చి, దిమ్మె ఎంత ఊగినదో కొలిచి, దానినుండి గుండు వేగమును లెక్కకట్టుట ఆయన చూపిన మార్గము. ద్రవ్యవేగ నిత్యత్వమును నేర్పునపుడు ఉపాధ్యాయులు నేటికిని ఈ ప్రయోగమునే ఉదాహరింతురు. ఆయన చేసిన మరియొక ప్రయోగము ఇంతకన్న వింతైనది. నునుపైన తుపాకి గొట్టము కొనను కొంచెము ఎడమకు వంచి కాల్చెను. గుండు మొదట ఎడమకే పోయినది. తరువాత గాలిలో వంపుతిరిగి కుడివైపునకు మరలినది! వంగిన గొట్టములో గోడకు ఒరసికొనిన గుండు ప్రక్కవాటుగా గిరగిర తిరుగును. అట్లు తిరుగు గుండును గాలి ఒకవైపునకు నెట్టును. మెలివేసి విసరిన క్రికెట్ బంతి గాలిలో ప్రక్కకు పోవుటయు ఇట్టిదే.

నునుపైన గొట్టమునుండి వచ్చు ప్రతి గుండునకును ఏదో ఒక వైపు ఇట్టి తిరుగుడు అంటుకొనును. అది ఎటో ముందు చెప్పలేము. రైఫిలు గాడులు గుండును ప్రయాణ దిశయే ఇరుసుగా తిప్పును గనుక ప్రక్కకు నెట్టు బలము లేకపోవును. ఈ సంగతిని రాబిన్స్ 1747లో లండను రాయల్ సొసైటీ ఎదుట చదివెను. కొలదికాలమునకే ఈస్టిండియా కంపెనీ ఆయనను ఇంజనీరుగా నియమించి, మద్రాసు, కడలూరు కోటలను బాగుచేయుటకు ఇచ్చటికి పంపినది. 1751 జూలై 29న కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరముతో మరణించెను. అప్పటికి ఆయనకు 44 ఏండ్లు. రైఫిలు రహస్యమును విప్పినవాడు మన కోరమాండల్ తీరమున కన్నుమూసెనని ఎందరికి తెలియును?

అదే కాలమున అమెరికాలోని పెన్సిల్వేనియాకు వలసవచ్చిన జర్మన్ కమ్మరులు పొడవైన గొట్టముతో తేలికయైన రైఫిళ్లను చేయుచుండిరి. నూనె పూసిన గుడ్డపీలికలో సీసపు గుండును చుట్టి, మూతినుండి కడ్డీతో దిగగొట్టవలెను. ఇందులకు అర నిముషమైనను పట్టును. మొదటి దెబ్బ తప్పినచో ఎల్కు మంద అంతలో కొండ దాటిపోవును. గురి హెచ్చినను వేగము లేకుండుటయే ఆనాడు మృగమునకు రక్షణ. ఈ రక్షణ 19వ శతాబ్ది ఉత్తరార్ధమున తొలగిపోయినది. లోహపు తూటాలు, వెనుకనుండి మందుకూర్చు తుపాకులు, ఒక తూటా వెంట మరియొకటి ఎక్కించు వించెస్టర్ రైఫిళ్లు (1866, 1873) ఒకదాని తరువాత ఒకటి వచ్చినవి. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే పొగలేని మందును కనిపెట్టగా, పదేండ్లకే అది వేట తుపాకులలోనికిని వచ్చినది.

పొగలేని మందు తెచ్చిన మార్పును చిన్న లెక్కతో చూడవచ్చును. పాత పొడుగు రైఫిలు గుండు సుమారు 11 గ్రాములుండి, సెకనుకు ఇంచుమించు 500 మీటర్ల వేగముతో బయలుదేరును. అది ఉండ గనుక గాలి దానిని త్వరగా ఆపును. 100 మీటర్లు పోవునప్పటికి వేగము 350కి లోపు దిగును. 1906లో వచ్చిన ‘ముప్పది–సున్న ఆరు’ అను ప్రసిద్ధమైన తూటాలో గుండు బరువు ఇంచుమించు అంతే, సుమారు 11.7 గ్రాములు. కాని వేగము సెకనుకు 820 మీటర్లు. ఆకారము కోసుగా నుండుటచే 100 మీటర్ల వద్దను అది సుమారు 760 మీటర్లుండును. గతిశక్తి వేగముయొక్క వర్గమును బట్టి యుండును గదా! ఆ దూరమున రెండు గుండ్ల శక్తిని లెక్కకట్టినచో క్రొత్తది సుమారు అయిదు రెట్లు తేలును. తుపాకి గాడి పది అంగుళముల కొక చుట్టు తిరుగుచున్నచో, ఈ గుండు సెకనుకు 3,200 మారులు తిరుగుచు పోవును. విద్యార్థులు ఈ లెక్కను తామే వేసికొని చూడవచ్చును.

అయినను 300 మీటర్ల దూరమున ఈ గుండు గూడ భూమ్యాకర్షణవలన గొట్టపు రేఖకు ముప్పాతిక మీటరునకు పైగా దిగును. ఎల్కు రొమ్ము లోతు అంతకంటె తక్కువ. దూరమును తప్పుగా ఊహించినవాడు ఊపిరితిత్తులకు గురిపెట్టి కాలు విరుగగొట్టును. అట్టి మృగము ఎచ్చటనో పొదలలో చచ్చును, ఎవరికిని ఉపయోగపడదు. తుపాకి ఎంత మెరుగుపడినను ఈ బాధ్యత కాల్చువాని కంటిమీదను మనసుమీదను ఉన్నది.

1869లో అమెరికా ఖండము నడ్డముగా రైలుమార్గము పూర్తియైనది. తుపాకి దూరమును జయించినట్లే రైలు అంగడి దూరమును జయించినది. తోలు వేటగాండ్రు మందలమీద పడిరి. యెల్లోస్టోన్ ప్రాంతము 1872లోనే ప్రపంచములో మొదటి జాతీయోద్యానముగా ప్రకటింపబడినను, దానిని కాపాడుటకు కావలివాడు లేడు, డబ్బు లేదు. 1875 వసంతములో అచ్చటినుండి 2,000కు పైగా ఎల్కు తోళ్లు తరలిపోయినట్లు తరువాత సూపరింటెండెంటైన నోరిస్ తన నివేదికలో వ్రాసెను. చాలవరకు తోలును, నాలుకయు తీసికొని మిగిలిన మాంసమును తోడేళ్లకు వదలివేసెడివారు. 1883లో ఉద్యానమున వేట నిషేధింపబడినది. 1886లో సైన్యము కావలికి వచ్చినది. కాని 1894 వరకు దొంగవేటగానిని పట్టుకొన్నచో వెలుపలికి వెళ్లగొట్టుట తప్ప వేరు శిక్ష చట్టములో లేదు! ఆ ఏడు అడవిదున్నలను చంపిన ఒకడు పట్టుబడి దర్జాగా నవ్వుకొనుచు పోవుట పత్రికలలో రాగా, దేశమంతట అలజడి పుట్టి చట్టము వచ్చినది.

దీనికి తోడు పండ్ల వ్యాపార మొకటి. ఎల్కు పైదవడలో దంతమువంటి గట్టి కోరలు రెండుండును. క్రో మున్నగు తెగల స్త్రీలు వీనిని దుస్తులపై వరుసలుగా కుట్టుకొనెడివారు. ఒక మృగమునకు రెండే గనుక, వందల కోరలు గల దుస్తు ఆ ఇంటి వేటగాని నేర్పునకును, ఏండ్ల శ్రమకును గురుతు. 1868లో న్యూయార్కున ‘ఎల్కుల సంఘము’ అను సోదరసంఘము పుట్టినది. దాని సభ్యులు ఎల్కు కోరను గడియారపు గొలుసునకు కట్టుకొనుట మొదలు పెట్టగా, వెల పెరిగినది. అంతట వ్యోమింగులోని జాక్సన్ హోల్ లోయలో దొంగవేటగాండ్రు కేవలము రెండు పండ్లకొరకు మూడువందల కిలోల మృగమును చంపి, అచ్చటనే కుళ్లనిచ్చిరి. సంఘము తరువాత ఈ ఆభరణమును నిరుత్సాహపరచినది.

తూర్పు ప్రాంతపు ఎల్కు 1880 నాటికి అంతరించినది. నైఋతిలోని మెరియమ్ ఎల్కు 20వ శతాబ్ది తొలి యేండ్లలో మాయమైనది. ఖండమంతటను మిగిలినవి ఒక లక్షకు లోపు. కోటియను అంచనా హెచ్చనుకొన్నను, ఈ పతనము మామూలుది కాదు.

ఇచ్చట ఒక సంగతి చెప్పకుండ దాటిపోరాదు. రక్షణ చట్టముల చరిత్రను వ్రాయువారు పెక్కుమంది దీనిని ఒక మూలకు నెట్టుదురు. 1868లో ఫోర్ట్ బ్రిడ్జర్ వద్ద అమెరికా ప్రభుత్వము బానక్, షొషోనీ తెగలతో ఒడంబడిక చేసికొనినది. నివాసులు లేని ప్రభుత్వ భూములలో మృగములున్నంత కాలము, ఇరుపక్షములకు శాంతి ఉన్నంత కాలము, వారు వేటాడుకొనవచ్చునని దానిలో వ్రాసికొనిరి. 1890లో వ్యోమింగు రాష్ట్రమై, తన వేట చట్టములను చేసికొనినది. జాక్సన్ హోల్‌లోని తెల్లవారికి అప్పటికే తూర్పు నగరములనుండి, ఐరోపానుండి కొమ్ములకొరకు వచ్చు ధనిక వేటగాండ్రకు దారిచూపుట మంచి ఆదాయము. తమ తిండికై వేటాడు బానకులు వారికి పోటీయైరి. 1895 జూలైలో ఆ లోయవారు ఒక బానక్ గుంపును నిర్బంధించి తీసికొని పోవుచుండగా కాల్పులు జరిగి ఒక వృద్ధుడు చనిపోయెను.

విషయమును న్యాయస్థానమున తేల్చుకొనుటకై, ఆ సంవత్సరమే రేస్ హార్స్ అను బానక్ ఏడు ఎల్కులను చంపినట్లు అభియోగమునకు లోనయ్యెను. 1896లో సుప్రీం కోర్టు అతనికి వ్యతిరేకముగా తీర్పు చెప్పినది. వ్యోమింగు రాష్ట్రమగుటతోనే ఒడంబడికలోని హక్కు రద్దయినదట! కోటి మృగములను లక్షకు దించినది తోలు వ్యాపారి రైఫిలు. తుపాకి దించవలసి వచ్చినది మాత్రము ఆకలికి వేటాడు బానక్. 120 ఏండ్లకు పైబడిన పిదప, 2014లో బిగ్ హార్న్ అడవిలో ఎల్కును చంపిన క్రో తెగవాని అభియోగములో, 2019లో అదే సుప్రీం కోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, రాష్ట్రమేర్పడినంత మాత్రమున ఒడంబడిక హక్కు పోదని నిర్ణయించి, పాత తీర్పులోని వాదమును త్రోసివేసినది.

వేట తగ్గిన తరువాత గూడ ఎల్కు కష్టము తీరలేదు. వేసవిలో కొండలమీద మేసి, శీతకాలమున లోయలకు దిగుట దాని స్వభావము. లోయలు ఇపుడు పశువుల కమతములైనవి. గడ్డి మొదట ఆవులు తినును. 1909 మొదలు 1911 వరకు వచ్చిన కఠినమైన శీతకాలములలో జాక్సన్ హోల్‌లో ఎల్కులు వేలకొలది ఆకలికి మాడి చచ్చినవి. కమతదారులు కొందరు జాలిపడి తమ గడ్డివాముల నిచ్చిరి. స్టీఫెన్ లీక్ అను కమతదారుడు మంచులో పడియున్న కళేబరములను, కంచెల చుట్టు నిలిచిన బక్కమృగములను ఫోటోలు తీసి, దేశమంతట చూపెను. 1912లో కేంద్ర ప్రభుత్వము అచ్చట జాతీయ ఎల్కు ఆశ్రయమును స్థాపించినది. దీనికి మూడేండ్ల క్రితమే, 1909లో, థియొడోర్ రూజ్‌వెల్టు వాషింగ్టన్ రాష్ట్రమున ఒలింపస్ పర్వత ప్రాంతమును అచ్చటి ఎల్కుజాతి కొరకు ప్రత్యేకించి రక్షించెను. ఆ జాతికి ఆయన పేరే పెట్టిరి. యెల్లోస్టోన్ మందలనుండి ఎల్కులను రైలుపెట్టెలలో ఎక్కించి పెన్సిల్వేనియా, ఆరిజోనా మొదలగు రాష్ట్రములకు పంపిరి. తుడిచిపెట్టుకొని పోయిన చోట మరల ఎల్కు కూత వినబడినది.

ఇంతలో ఇంకొక పొరపాటు జరుగుచునే యున్నది. ఎల్కును కాపాడవలెనని తోడేళ్లను కాల్చి, విషము పెట్టి చంపిరి. 1926 నాటికి యెల్లోస్టోన్‌లో తోడేలు లేకుండపోయినది. లోపల వేటగాడు లేడు, తోడేలు లేదు. మందలు పెరిగి, శీతకాలపు మేతభూములను ఒరసి తినివేసినవి. విల్లో, ఆస్పెన్ మొక్కలు మొలచినవి మొలచినట్లే మేతకు పోవుచుండెను. విల్లోపై ఆధారపడు బీవరులు తగ్గినవి. ఉద్యానాధికారులు ఎల్కులను పట్టి బయటికి పంపిరి, చాలలేదు. ఎట్టకేలకు 1961–62 శీతకాలమున రేంజరులే రైఫిళ్లు పట్టుకొని ఉత్తరపు మందలో 4,300కు పైగా ఎల్కులను కాల్చి చంపిరి. మాంసమును ఆదివాసుల రిజర్వేషన్లకు పంపిరి.

దేశమున గగ్గోలు పుట్టినది. 1875లో తోలువాడు 2,000 చంపినది నేరమైనచో, ఇపుడు ప్రభుత్వము అంతకు రెండింతలు చంపుట ఏమి న్యాయమని సామాన్యులడిగిరి. ఆ పని మాకే ఇచ్చినచో పన్నుకట్టి చేయుదుమని వేటగాండ్రు పట్టుబట్టిరి. స్టార్కర్ లెపోల్డ్ అధ్యక్షతను ఏర్పడిన శాస్త్రజ్ఞుల సంఘము 1963లో నివేదిక నిచ్చినది. మృగసంఖ్యను భూమి మోయగలిగినంతకు తగ్గించుట అవసరమనియు, అయితే జాతీయోద్యానములో ప్రజల వేట కూడదనియు, శిక్షణ గల ఉద్యోగులే ఆ పని చేయవలెననియు అది తేల్చినది. ఈ నివేదిక శాస్త్రదృష్టితో సరియైనదే. కాని మంచులో వరుసగా పడియున్న మృగములను చూచినవారికి లెక్కలు తృప్తినీయవు. 1967లో సెనేటు విచారణ జరుగగా, ఉద్యానములో ఈ కాల్పులు ఆగిపోయినవి.

ఆ తరువాతి లెక్కలు చూడుడు. 1968లో ఉత్తరపు మందలో లెక్కకు వచ్చినవి సుమారు 3,000. 1994లో సుమారు 19,000. 1995లో కెనడానుండి తోడేళ్లను తెచ్చి వదలిరి. 2013లో మిగిలినవి సుమారు 4,000. తోడేలొక్కటే ఈ పని చేసినదనుట తొందరపాటు. ఎలుగుబంట్లు, ప్యూమాలు పెరుగుట, అనావృష్టి, ఉద్యానము వెలుపల వేటగాండ్ర రైఫిలు, అన్నియు దీనిలో పాలుపంచుకొన్నవి. విల్లోలు కొన్నిచోట్ల మరల ఎదిగినవి, కొన్నిచోట్ల ఎదుగలేదు. కారణమేమని శాస్త్రజ్ఞులు ఇంకను వాదించుకొనుచునే యున్నారు. ‘తోడేలు నదుల గతిని మార్చినది’ అను కథ చెప్పుటకు సొంపుగా నుండును. తరగతిలో చెప్పునపుడు ఈ వాదమును గూడ చెప్పుట మేలు.

నేడు ఉత్తర అమెరికాలో ఎల్కుల సంఖ్య సుమారు పది లక్షలు. ఈ పెరుగుదలకు కావలసిన ధనము చాలవరకు రైఫిలు పట్టినవారినుండియే వచ్చినది. 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టము ప్రకారము వేట తుపాకులమీద, తూటాలమీద వసూలగు పన్ను (నేడు నూటికి 11) వన్యమృగ సంరక్షణకై రాష్ట్రములకు పంచబడును. వేట లైసెన్సు రుసుమును వేరు పనులకు మళ్లించు రాష్ట్రమునకు ఈ నిధి రాదు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించుటే మార్గముగా గైకొనినది. రెండు దేశముల అడవులు, జనసాంద్రత, భూస్వామ్యము వేరు వేరు గనుక ఒకదానిని చూపి రెండవదానిని తప్పు పట్టుట తగదు.

చివరకు మిగిలినది సీసపు గుండు. వేగము హెచ్చినకొలది సీసము ఎముకకు తగిలి తునాతునకలగును. వేటగాడు ఎల్కు పేగులను అచ్చటనే కోసి పారవేసి మాంసమును మోసికొని పోవును. ఆ పేగులలోని సీసపు నలుసులు తిను పక్షుల పొట్టలోనికి పోవును. జాక్సన్ హోల్ ప్రాంతపు రేవెన్ అను పెద్దకాకుల రక్తమును పరీక్షించినపుడు, వేటకాలమున సీసము హెచ్చుచు, తరువాత తగ్గుచుండుట కనబడినది. గ్రద్దలకు, కాలిఫోర్నియాలోని కాండర్ రాబందులకు ఇది ప్రాణాంతకము. కాలిఫోర్నియా రాష్ట్రము 2019 జూలై నుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించినది. జాక్సన్ హోల్‌ను ఆనుకొనిన గ్రాండ్ టీటన్ ఉద్యానములో 1950 నాటి చట్టమును బట్టి, మంద పెరిగిన యేడులందు లైసెన్సు గల వేటగాండ్రను తాత్కాలిక రేంజరులుగా నియమించి ఎల్కులను తగ్గించుట కలదు. అట్లు నియమితులైన వారు సీసము లేని గుండ్లనే వాడవలెను. సాధారణముగా అవి రాగివి. ఎముకకు తగిలినను విచ్చుకొనును గాని ముక్కలు కావు.